పురవీధి – ప్రజాధనం

కథారంభంలో పురవర్ణన చేయడం మన ప్రబంధ కవులకు సంప్రదాయం. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురాన్ని వర్ణించాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరును పాఠకుల కన్నులకు కట్టించాడు. కోటలు, అగడ్తలు, మేడలు, ఉద్యానాలు, పూలమ్మే పడుచులు, చతుర్వర్ణాల ప్రజలు ఇటువంటి వర్ణనలలో సాక్షాత్కరిస్తారు. అయితే ఆ పురవీధిని చదును చేయించినవారెవరు, అందుకైన వ్యయమెంత, ఆ వ్యయాన్ని లెక్క చూసినవారెవరు అన్న ప్రశ్నలతో కావ్యానికి పని లేదు. ఆ ప్రశ్నలు పాలనకు సంబంధించినవి. పన్ను చెల్లించే ప్రతి పౌరుడూ అడగవలసినవి.

వీధుల నిర్మాణం, మురుగు కాలువలు, వంతెనలు, దీపాలు మొదలైనవాటిని ప్రజాపనులు అంటాము. వీటిపై నగరపాలక మండలి సాగించే అధికారానికి ‘పర్యవేక్షణ’ అని పేరు. ఈ పదాన్ని విడదీసి చూస్తే దాని స్వరూపం తెలుస్తుంది. పరి అంటే చుట్టూ. అవేక్షణ అంటే శ్రద్ధగా చూడడం. ఒక పనిని ఒకే వైపు నుంచి, ఒకే వ్యక్తి, ఒకేసారి చూస్తే అది పర్యవేక్షణ కాదు. నలువైపుల నుంచి, పలువురు, పలుమార్లు చూడాలి. నగరపాలనలోని నియమాలన్నీ ఈ ఒక్క పదానికి వ్యాఖ్యానాలే.

ఈ భావన మనకు కొత్తది కాదు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దం చివరి కాలంలో చంద్రగుప్త మౌర్యుని ఆస్థానానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు నగర నిర్వహణను గురించి కొన్ని విశేషాలు రాశాడు. నగరాధికారులు ఐదుగురేసి చొప్పున ఆరు సంఘాలుగా ఉండేవారనీ, ఒక్కొక్క సంఘానికి ఒక్కొక్క బాధ్యత ఉండేదనీ తెలిపాడు. ప్రజాభవనాల మరమ్మతులు, ధరలు, అంగళ్లు, రేవులు, దేవాలయాల సంరక్షణ మాత్రం అందరూ కలిసి చూసేవారట. అందరి సొమ్ముతో జరిగే పనిని అందరూ కలిసి చూడడం ఇందులో గమనింపదగిన అంశం.

తెలుగునేలపై ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ పెద్ద చెరువును కట్టించి, ఆ వివరాలను శిలపై చెక్కించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను ఈ శాసనం పేర్కొంటుంది. జలశాస్త్రం తెలిసిన వ్యక్తి ఉండడం, నేల గట్టిగా ఉండడం, కట్టకు తగిన రాయి దొరకడం, నిర్మాణంలో నేర్పుగల పనివారు లభించడం అంగాలలో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల కావడం దోషాలలో కొన్ని. రోజుకు వేయిమంది చొప్పున రెండేళ్లు శ్రమించారనీ, రాళ్లు మోయడానికి వంద బండ్లు వినియోగించారనీ కూడా అందులో ఉన్నది. పని లక్షణమేమిటి, దోషమేమిటి, ఎందరు ఎంతకాలం చేశారు అన్న మూడు విషయాలను రాతిపై రాసి పనిచోటనే నిలిపిన ఆ పద్ధతి ఈనాటి మన బోర్డులకు పూర్వరూపం.

ఆధునిక కాలంలో నగర నిర్మాణానికి ప్రత్యేక మండలి అవసరమని మనకు తెలియజెప్పినది ఒక మహావిపత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. ఆ వరదలో పదిహేనువేలమంది వరకు మరణించారని అంచనా. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, వరద నివారణకు జలాశయాలను, నగరారోగ్యానికి మురుగునీటి వ్యవస్థను సూచించారు. ఆ సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. 1912లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ నగరాభివృద్ధి మండలిని నెలకొల్పాడు. ఇరుకు వాడలను తొలగించడం, వీధులను వెడల్పు చేయడం, పేదలకు ఇండ్లు కట్టించడం దాని కర్తవ్యాలు. చార్మినార్ సమీపంలో రాతి కమానులతో బారులు తీరిన పత్తర్‌గట్టీ అంగళ్లు ఆ మండలి కృషికి నేటికీ సాక్ష్యాలు. అయితే ఆ మండలి ప్రభువుకు జవాబుదారి. ప్రజలు దాని పనిని చూడగలిగారే కాని ప్రశ్నించే హక్కు వారికి లేదు.

ఆ హక్కుకు రాజ్యాంగబద్ధమైన పునాది 74వ సవరణతో ఏర్పడింది. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. అప్పుడు చేర్చిన పన్నెండవ షెడ్యూలులో పద్దెనిమిది అంశాలున్నాయి. రోడ్లు, వంతెనలు వాటిలో ఒకటి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని కూడా ఈ సవరణ నిర్దేశించింది. వీధి అవసరం వీధిలో నివసించేవారికే ముందుగా తెలుస్తుందన్నది దీని అంతరార్థం.

ఇక ఒక వీధికి రోడ్డు ఎట్లా వస్తుందో క్రమంగా పరిశీలిద్దాం. వార్డు నుంచి విన్నపం వచ్చిన తరువాత ఇంజనీరు స్థలాన్ని కొలిచి, ప్రభుత్వం ప్రకటించిన ధరల పట్టికను అనుసరించి అంచనా తయారుచేస్తాడు. ఆ అంచనాకు రెండు ఆమోదాలు కావాలి. ‘ఈ పని అవసరమా, నిధులున్నవా’ అని చూసేది పరిపాలనామోదం. ‘ఈ పనిని ఇట్లా చేస్తే నిలుస్తుందా’ అని చూసేది సాంకేతికామోదం. పని విలువనుబట్టి కమిషనరు, స్థాయీ సంఘం, పాలకమండలి, ప్రభుత్వం అన్న మెట్లలో ఎవరి అధికార పరిమితి ఎంతవరకో చట్టమూ నిబంధనలూ నిర్ణయిస్తాయి. ఎన్నికైన పాలకమండలి లేని కాలంలో ఆ బాధ్యతను ప్రత్యేకాధికారి నిర్వహిస్తాడు. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి పైమెట్టును తప్పించుకోవడం ఈ దశలో జరిగే అపచారం. అందుకే ఒకే వీధికి ఒకే నెలలో నాలుగు చిన్న అంచనాలు కనిపిస్తే తనిఖీ చేసేవారు కారణం అడుగుతారు.

ఆమోదం లభించిన తరువాత టెండర్లు పిలుస్తారు. గుత్తేదారులు ధరావతు సొమ్ము చెల్లించి తమ ధరలను తెలుపుతారు. ఒకప్పుడు సీలు వేసిన కవర్లను పెట్టెలో వేసేవారు. పెట్టె దగ్గరకు ఇతరులను రానీయకుండా అడ్డుకొనే సందర్భాలు కూడా ఉండేవి. మన రాష్ట్రంలో 2003 నుంచి కంప్యూటరు ద్వారా టెండరు వేసే పద్ధతి మొదలైన తరువాత ఆ అడ్డంకి చాలావరకు తొలగింది. అయినా ఒక సూక్ష్మం గ్రహించాలి. తక్కువ ధర చెప్పినవారికి పని ఇవ్వడం పొదుపే. కాని అంచనాకంటె మరీ తక్కువకు ఒప్పుకొన్న గుత్తేదారు ఆ లోటును ఎక్కడ పూడ్చుకుంటాడు? ఇసుకలోనో, సిమెంటులోనో, మందంలోనో పూడ్చుకుంటాడు. అందువల్లనే అటువంటివారి నుంచి అదనపు హామీ తీసుకొనే నిబంధన ఉన్నది.

మందం విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. నూరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం గల సిమెంటు రోడ్డుకు 75 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. మందం మూడు సెంటీమీటర్లు తగ్గితే 15 ఘనపు మీటర్లు మిగులుతుంది. అంటే ఐదింట ఒక వంతు. కాంక్రీటు గట్టిపడిన తరువాత ఈ తేడా బాటసారి కంటికి కనిపించదు. కనిపించని చోటనే పర్యవేక్షణ అవసరం ఎక్కువ.

కొన్నేళ్ల క్రితం మా వీధిలో సిమెంటు రోడ్డు వేస్తున్నారు. పదవీ విరమణ చేసిన గణితోపాధ్యాయులొకరు రెండవ రోజు ఉదయం టేపు పట్టుకొని అక్కడికి వచ్చారు.

“ఏమయ్యా మేస్త్రీ, కాగితంలో మందమెంత?” అని అడిగారు.

“ఆరంగుళాలండీ మాస్టారూ.”

“నిన్న పోసినచోట నాలుగున్నరే ఉన్నదే!”

“అంచులలో అంతేనండీ. నడుమ సరిపోతుంది.”

“సరిపోతుందో లేదో ఇంజనీరుగారినే అడుగుదాములే” అని ఆయన కార్యాలయానికి వెళ్లి, అంచనా ప్రతిని అడిగి తెచ్చుకున్నారు. ఎవరినీ నిందించలేదు, ఎవరితోనూ కలహించలేదు. మరునాడు ఇంజనీరు స్వయంగా వచ్చాడు. అచ్చుపలకల ఎత్తు పెరిగింది. మిగిలిన రోడ్డంతా ఆరంగుళాల మందంతోనే సాగింది. మొదటి రోజు పోసిన ముప్పై అడుగులు మాత్రం అట్లాగే మిగిలిపోయాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి పగుళ్లు పట్టినది ఆ ముప్పై అడుగులే. మాస్టారుగారి టేపు ఒక రోజు ముందు వచ్చి ఉంటే ఆ కొంత భాగం కూడా నిలిచేది.

ఆ టేపు చేసిన పనినే శాసనబద్ధంగా చేసే సాధనం కొలతల పుస్తకం. ఇంజనీర్లు దీనిని ఎం-బుక్ అంటారు. జరిగిన పని పొడవు, వెడల్పు, మందం పనిస్థలంలోనే కొలిచి ఇందులో నమోదు చేస్తారు. పుటలకు వరుస సంఖ్యలుంటాయి. ఏ పుటనూ చించరాదు. ఏ అంకెనూ చెరిపివేయరాదు. తప్పు పడితే అడ్డగీత గీసి, సరిదిద్ది, సంతకం చేయాలి. కింది అధికారి కొలిచినదానిని పై అధికారి మళ్లీ కొన్నిచోట్ల కొలిచి సరిచూస్తాడు. కాంక్రీటుతో ఘనాకారపు ముద్దలు పోసి, ఇరవై ఎనిమిది రోజుల తరువాత యంత్రంతో నొక్కి బలం పరీక్షిస్తారు. ఇవన్నీ సక్రమంగా ఉంటేనే బిల్లు చెల్లిస్తారు. అప్పుడైనా కొంత సొమ్మును ఆపి ఉంచుతారు. నిర్ణీత గడువులోగా లోపం బయటపడితే గుత్తేదారు తన ఖర్చుతోనే బాగుచేయాలి. ఆపైన ఆడిట్ శాఖ ఆ లెక్కలన్నిటినీ తనిఖీ చేస్తుంది.

ఈ వరుసలో ఒక ధర్మం దాగి ఉన్నది. పని మంజూరు చేసేవారు వేరు, చేసేవారు వేరు, కొలిచేవారు వేరు, సొమ్ము చెల్లించేవారు వేరు, లెక్క చూసేవారు వేరు. ఒకరి లోపాన్ని మరొకరు పట్టుకోగలగడమే ఈ విభజనకు ప్రయోజనం. అందరూ కలిసి కన్ను మూసుకున్ననాడు మాత్రం నిబంధనలెన్ని ఉన్నా అవి కాగితానికే పరిమితమవుతాయి. ఒక శాఖ రోడ్డు వేసిన మూడు నెలలకే మరొక శాఖ గొట్టాల కోసం దానిని తవ్వడం మనం తరచుగా చూసే దృశ్యం. అక్కడ దొంగతనం లేకపోవచ్చు. ఒకరి ప్రణాళిక మరొకరికి తెలియకపోవడం ఉన్నది. నష్టం మాత్రం ప్రజాధనానికే.

కనుక చివరి చూపు ప్రజలది కావాలి. 1990 దశకంలో రాజస్థాన్‌లోని గ్రామాలలో ప్రజాపనుల లెక్కలను బహిరంగంగా చదివి వినిపించే జనసభలు జరిగాయి. రాని కూలీల పేర్లు, జరగని పనుల ఖర్చులు ఆ సభలలో బయటపడ్డాయి. సమాచారం కోసం సాగిన ఆ ఉద్యమం 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారితీసిన ప్రేరణలలో ముఖ్యమైనది. పత్రాలను చూడడం, నకళ్లు పొందడం మాత్రమే కాక, పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనాలను పొందడం కూడా ఆ చట్టం ప్రకారం పౌరుని హక్కే. సాధారణంగా ముప్పై రోజులలోగా సమాధానం ఇవ్వాలి. పోరుమామిళ్లలో రాజు దయతో శిలపైకి ఎక్కిన వివరాలు నేడు మనకు హక్కుగా లభిస్తున్నాయి.

వర్షాకాలంలో గుంతలో పడి కాలు విరిగిన వృద్ధురాలికి, మూత లేని మురుగు కాలువ పక్కగా బడికి వెళ్లే బాలునికి కొలతల పుస్తకమంటే ఏమిటో తెలియదు. కాని వారి క్షేమం దానిలో రాసిన అంకెల నిజాయితీపై ఆధారపడి ఉన్నది. రేపు మీలో కొందరు ఇంజనీర్లు కావచ్చు, కొందరు గుత్తేదారులు, కొందరు పాలకమండలి సభ్యులు కావచ్చు. ఏమీ కాకపోయినా అందరూ ఇంటిపన్ను చెల్లించే పౌరులవుతారు. మీ వీధిలో పని మొదలైన నాడు ఆ బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడి చదవండి. మొదటి రోజుననే చదవండి.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఒక వీధికి రోడ్డు నిర్మించడంలోని వివిధ దశలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. ‘పర్యవేక్షణ’ అనే పదానికి రచయిత చెప్పిన అర్థం పాఠంలోని ఉదాహరణలకు ఎట్లా అన్వయిస్తుందో తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పోరుమామిళ్ల శాసనంలోని విశేషాలేమిటి?
2. పరిపాలనామోదానికి, సాంకేతికామోదానికి భేదమేమిటి?
3. గణితోపాధ్యాయుని వృత్తాంతం ద్వారా మీరు గ్రహించినదేమి?

ఇ) సంధులు
పర్యవేక్షణ = పరి + అవేక్షణ – యణాదేశ సంధి
కథారంభం = కథా + ఆరంభం – సవర్ణదీర్ఘ సంధి
గణితోపాధ్యాయుడు = గణిత + ఉపాధ్యాయుడు – గుణసంధి
వ్యయమెంత = వ్యయము + ఎంత – ఉకార సంధి

ఈ) సమాసాలు
ప్రజాధనం – ప్రజల యొక్క ధనం – షష్ఠీ తత్పురుష
చతుర్వర్ణాలు – నాలుగైన వర్ణాలు – ద్విగు సమాసం
మహావిపత్తు – గొప్పదైన విపత్తు – విశేషణ పూర్వపద కర్మధారయం

ఉ) ప్రాజెక్టు పని
మీ వీధిలో ఇటీవల జరిగిన ఒక ప్రజాపని బోర్డులోని వివరాలను రాసుకొని, పొడవు వెడల్పులను స్వయంగా కొలిచి, రెండింటినీ పోల్చుతూ ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.