కల్లం కాపలా, తీరం కాపలా



తీరం మీద నిఘా రాడార్లు ఎక్కడెక్కడ పెట్టాలో లెక్క కట్టే పనిలో చేరావని తెలిసి సంతోషించాను నాయనా. ఈ పనిలో నువ్వు గట్టిగా పట్టుకోవలసింది ఒకటే. కొత్తగా పెట్టే ప్రతి రాడారూ అప్పటిదాకా కనపడని నీటిని ఎంత చూపిస్తుందో కొలిచి, ఆ కొలతకే డబ్బు ఖర్చు పెట్టు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కల్లం చూడు. పట్టాల మీద ఎర్రగా ఆరబోసిన కాయకు నలుమూలలా నాలుగు మంచాలు ఎవరూ వెయ్యరు. బండి వచ్చే డొంక వైపు ఒక్క మంచం వేసి, తల అటు పెట్టి పడుకుంటారు. కాపలా మనిషికయ్యే కూలి ఎంతో, పోయే సరుకు విలువ ఎంతో రైతుకు తెలుసు కాబట్టే ఆ చోటు ఎంచుకున్నాడు.

తీరం కాపలాకూ ఇదే లెక్క. 2008 నవంబర్ 26న ముంబై మీద దాడి చేసినవాళ్లు కుబేర్ అనే చేపల పడవను పట్టుకుని వచ్చి, ఆఖరికి రబ్బరు పడవలో ఒడ్డెక్కారు. ఆ దెబ్బతోనే తీర నిఘా గొలుసు మొదలైంది. తొలి దశలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) సాయంతో కోస్ట్ గార్డ్ 46 రాడార్లు నిలబెట్టింది. 36 ప్రధాన తీరాన, 6 లక్షద్వీప్‌లో, 4 అండమాన్‌లో. చాలా చోట్ల వాటిని లైట్‌హౌస్‌ల దగ్గరే పెట్టారు. ఎత్తూ, దారీ, కరెంటూ అక్కడ ముందే ఉన్నాయి. విశాఖలో సముద్రం పక్కనే కొండ ఉంది. నిజాంపట్నం నుంచి రామాయపట్నం దాకా తీరమంతా చదును, కొండవీడూ కోటప్పకొండా లోపలెక్కడో ఉండిపోయాయి. అందుకే మన వైపు ఎత్తును డబ్బిచ్చి కొనాలి.

ఎత్తెంత కొనాలన్నది లెక్క చెబుతుంది. భూమి గుండ్రం కనుక, నీటి మీద ఒక మీటరు ఎత్తున్న పడవను 25 మీటర్ల మీది రాడార్ సుమారు 25 కిలోమీటర్ల దాకా చూడగలదు. ఎత్తు నాలుగింతలు చేసి 100 మీటర్లకు తీసుకెళ్లినా ఆ దూరం 45 దగ్గరే ఆగుతుంది. శక్తి పెంచినా అంతే. దూరం రెట్టింపు కావాలంటే ప్రసార శక్తి పదహారింతలు పెంచాలి, అది కూడా భూమి వంపు అడ్డం రానంతవరకే. ఇక ఎడం సంగతి. 25 కిలోమీటర్లు చూసే రెండు రాడార్లను 50 కిలోమీటర్ల ఎడంగా పెడితే ఒడ్డు మీద గీత కలుస్తుంది గానీ, వాటి మధ్య సముద్రం తెరిచే ఉంటుంది. 40 ఎడమైతే నడిమిన 15 కిలోమీటర్ల లోతు దాకా, 30 అయితే 20 దాకా కనపడుతుంది. ఎంత దూరం చూడాలో ముందు తేల్చుకుంటే ఎన్ని కావాలో దానంతటదే తేలుతుంది.

దేశ భద్రతకు లెక్కలేమిటి, వరసగా పెట్టుకుపోవచ్చు కదా అంటారు కొందరు. కొన్న రోజుతో ఖర్చు తీరదు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, మనుషులు కావాలి, విడిభాగాలు కావాలి. నిలబెట్టి పాడుపడనిచ్చిన రాడార్ కన్నా అసలు లేనిదే నయం, లేనిదాన్ని నమ్ముకుని ఎవరూ కునుకు తియ్యరు. ఒకటి చెడిపోతే ఎలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. రేవులకూ, ఏటి మొగలకూ ఎదురుగా ఒకదాని చూపు మీద ఇంకొకటి పడేలా పెట్టు, మిగతా చోట్ల పొదుపు చెయ్యి. ఫైబర్ పడవ రాడార్‌కు సరిగా ఆనదన్నదీ నిజమే. కెరటాలు లేచినప్పుడు అది వాటి మధ్యే కలిసిపోతుంది. అక్కడ కెమెరా కావాలి. ఏ పడవ ఏ ఊరిదో చూపుతోనే చెప్పగల వాడరేవు, సూర్యలంక మత్స్యకారుల కళ్లు అంతకన్నా కావాలి.

మొదటి రాడార్ అన్నిటికన్నా ఎక్కువ చూపించే చోట పెట్టు. రెండోదాన్ని, మొదటిది వదిలేసిన నీటిలో ఎక్కువ భాగం చూపించే చోట పెట్టు. మూడోదీ అంతే. ఈ పద్ధతి అన్నిసార్లూ అత్యుత్తమం కాకపోయినా, అన్నే రాడార్లతో సాధ్యమైన మేలులో 63 శాతానికి తగ్గదని 1978లోనే గణితజ్ఞులు రుజువు చేశారు. కొత్తది చూపించే నీరు దాని ఖర్చుకు తగని రోజున ఆగు, మిగిలిన డబ్బు పెట్టినవాటి మరమ్మతుకు దాచు. మ్యాపు మీద వలయాలు నిండుగా కనపడ్డాయని తృప్తి పడకు. తీరానికి వెళ్లి, ఆ వలయంలో చిన్న పడవ నిజంగా కనపడుతోందో లేదో చూసి సంతకం పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య