అపవిత్రాత్మలపై ప్రభువు అధికారము

పాఠ్యభాగము: మార్కు 5:1–20
కంఠత వాక్యము: 1 యోహాను 4:4
ఉద్దేశము: దయ్యములపై అధికారము క్రీస్తుదే గనుక, బాధపడువారిని కట్టక, కొట్టక ప్రేమతో ఆదరించుట నేర్చుకొనుట.


పని నిమిత్తము హోసూరు, కృష్ణగిరి ప్రాంతములకు వచ్చి కాపురముంటున్న మనలో ఎవరైనను నిద్రలేక, తిండి మాని, తమలో తాము మాటలాడుకొనుచున్నయెడల, ఇరుగుపొరుగువారు మొదట అనుమాట "గాలి సోకింది" అనియే. ఒకరు తాయెత్తు కట్టించమందురు, మరియొకరు వేపమండలతో కొట్టించమందురు. విశ్వాసులమైన మనమేమి చేయవలెను?

1. ప్రభువు మాటయే చాలును
గెరాసేనుల దేశములో సమాధులలో తిరుగుచున్న మనుష్యుని పట్టిన అపవిత్రాత్మల పేరు "సేన". అవి ఎన్ని యున్నను ప్రభువును బతిమాలుకొనెనే గాని ఎదిరింపలేకపోయెను. ఆయన నిమ్మకాయలు కోయలేదు, కానుక అడుగలేదు. సిలువయందే ఆయన అంధకార శక్తులను జయించెను (కొలొస్సయులకు 2:15). కాబట్టి చేతబడికి, దిష్టికి విశ్వాసి భయపడనక్కరలేదు.

2. అధికారము ఆయనది, మనది కాదు
స్కెవ కుమారులు ఏడుగురు యేసు నామమును మంత్రమువలె వాడబోయి, గాయపడి పారిపోయిరి (అపొ. కార్యములు 19:13–16). దయ్యములు లోబడుచున్నవని సంతోషించిన శిష్యులతో ప్రభువు, మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషించుడని బోధించెను (లూకా 10:20). గనుక "నాకు ప్రత్యేక శక్తి యున్నది" అని డబ్బు తీసికొనువారియొద్దకు పోవద్దు.

3. ప్రతి వ్యాధియు దయ్యము కాదు
మత్తయి 4:24 చదువుడి. అక్కడ రోగులు, దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని వేరువేరుగా చెప్పబడినది. వాక్యము వేరుచేసిన దానిని మనము కలుపరాదు. లూకా వైద్యుడు (కొలొస్సయులకు 4:14). మన పితరులకు సువార్త తెచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నెల్లూరు, ఒంగోలులలో ఆసుపత్రులు కూడ కట్టించిరి. ప్రార్థనకును మందుకును వైరము లేదు.

4. జనులు కట్టిరి, ప్రభువు విడిపించెను
ఆ మనుష్యుని ఊరివారు అనేకసారులు సంకెళ్లతో బంధించిరి. సంకెల ఎవరిని బాగుచేసినది? ప్రభువు విడిపించిన తరువాత వాడు బట్టలు ధరించుకొని, స్థిరబుద్ధితో కూర్చుండెను.

మన తమిళనాడులోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన మానసిక రోగులు కదలలేకపోయిరి. 28 మంది చనిపోయిరి. బాగుపడుదురని ఇంటివారే వారిని అక్కడ విడిచిరి. అది వేరే మతస్థుల స్థలమని మనము తప్పించుకొనరాదు. భార్యాభర్తలిద్దరు కంపెనీ షిఫ్టుకు పోవుచు రోగిని గదిలో పెట్టి తాళమువేసినను అది సంకెలయే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగాను గొలుసులతో కట్టరాదనుచున్నది.

మనము చేయవలసినవి:
– పెద్దలను పిలిచి ఇంటివారి మధ్యనే ప్రార్థించుడి (యాకోబు 5:14). రోగిని పస్తు పెట్టవద్దు, కొట్టవద్దు.
– ప్రభుత్వ ఆసుపత్రికైనను, బెంగళూరు నిమ్హాన్స్‌కైనను తీసికొనిపోవుడి. అరవము రానివారు 14416 టెలి మానస్ నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.
– ప్రార్థించితిమి గదాయని డాక్టరు చెప్పక మందు మానిపించవద్దు.
– ఇంటివారు పనికి పోవు వేళ రోగి దగ్గర కూర్చుండుటకు సంఘస్థులు వంతులు వేసికొనుడి.

స్వస్థుడైన వానిని ప్రభువు తన ఇంటివారియొద్దకు పంపెను. సొంత ఊరికి దూరముగానున్న మనకు సంఘమే ఇల్లు. బాధపడువాడు అక్కడ నిర్భయముగా కూర్చుండవలెను.

చర్చించుటకు ప్రశ్నలు:
1. స్కెవ కుమారుల తప్పిదమేమి? నేడు అది ఏ రూపములో కనబడుచున్నది?
2. మార్కు 5లో ఊరివారు చేసినదానికి, ప్రభువు చేసినదానికి భేదమేమి?
3. మన వీధిలో తలుపు వెనుక మూయబడినవారెవరైన ఉన్నారా? ఈ వారము ఎవరు వెళ్లుదురు?