పాట – యువజనులు – గ్రామ క్షేమము

పెండ్లి ఊరేగింపు గాని, వినాయక నిమజ్జనము గాని, జాతర గాని జరిగిన మరునాడు పంచాయతీ కార్యాలయమునకు ఫిర్యాదు వచ్చుట నేడు అనేక గ్రామములలో పరిపాటి అయినది. "ఈ డీజే పాటల వలన పిల్లలు చెడిపోవుచున్నారు. పంచాయతీవారు వెంటనే మాన్పింపవలెను" అని పెద్దలందురు. "ఏడాదికొక దినము ఆడి పాడుకొనుట కూడ తప్పేనా?" అని యువకులడుగుదురు. ఈ రెండు మాటల నడుమ నిలిచి సమాధానము చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులు. చెప్పుటకు ముందు విషయము చక్కగా తెలిసియుండవలెను. పాట మనుష్యుని నడవడిని మార్చునా? మార్చినచో ఎంతవరకు? గ్రామమునకు అందువలన కలుగు లాభనష్టములేవి? ఈ పాఠములో వీనిని క్రమముగా విచారింతము.

మన సీమలో పాట

గద్వాల సీమ కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ. సంస్థాన కాలమున కవిపండితులను ఆదరించుటచే దీనికి ‘విద్వద్గద్వాల’ అను పేరు వచ్చెను. కోటలో ఆ సభలు జరుగుచుండగా పల్లెలలో భజన, కోలాటము, చిరుతల రామాయణము, బతుకమ్మ పాట, పీర్ల పండుగ పాట వర్ధిల్లినవి. నాట్లు వేయునపుడును, కలుపు తీయునపుడును పాటయే పనికి తోడు. ఆ పాటలన్నింటికి ఒక కాలము, ఒక చోటు, ఒక సందర్భము ఉండెడివి. పాడువారిలో పిల్లలు, పెద్దలు కలిసియుండెడివారు. నేడు పాడువారు తగ్గి, వినువారు పెరిగిరి. పాట ఊరినుండి పుట్టుటకు బదులు సెల్ ఫోను ద్వారా ఊరికి వచ్చుచున్నది. పెద్దల కలవరమునకు మూలము ఈ మార్పేయని మేము తలంచుచున్నాము.

అయితే పాత పాటలన్నియు నీతి పాఠములే అనుకొనుట సరికాదు. పాలమూరు ప్రాంతమున తరతరములుగా పాడుచు వచ్చిన పండుగ సాయన్న కథనే చూడుడు. ధనికులను దోచి పేదలకు పంచిన వీరునిగా ఆ కథ సాయన్నను కొనియాడును. దానిని విన్నవారు దోపిడికి బయలుదేరలేదు. పేదవానిని ఆదుకొనవలెనను భావమునే గ్రహించిరి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై ఇట్టి కథలను పాడి 2022 లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. అంతకు ముందటి సంవత్సరమే ‘భీమ్లా నాయక్’ చిత్రమునందలి పాటలో ఆయన గళము వినిపించుటచే, కిన్నెర యననేమో యెరుగని యువకులు సైతము దానిని గూర్చి అడిగి తెలిసికొనిరి. కావున సినిమా పాట పల్లె పాటకు ఎల్లప్పుడు శత్రువు కాదు. ఒక్కొక్కప్పుడు దానిని మోసికొనిపోవు బండియు అగును.

పరిశోధనలు తెలుపునదేమి?

ఈ ప్రశ్నను ఇతర దేశములలో పరిశోధకులు పరీక్షించిరి. అమెరికాలో విద్యార్థులపై జరిపిన ఐదు ప్రయోగముల ఫలితములు 2003 లో వెలువడినవి. హింసను వర్ణించు పాటలు విన్న పిమ్మట వారి మనస్సులో కోపము, కలహ భావము కొంత పెరిగినట్లు తేలెను. 2009 లో ప్రకటింపబడిన వేరొక పరిశోధనలో పరోపకారమును బోధించు పాటలు విన్నవారు ఇతరులకు సహాయపడుటకు ఎక్కువ మొగ్గు చూపిరి. అనగా పాటలోని మాట మనస్సును తాకుట నిజము. అది మంచికైనను, చెడుకైనను తాకును.

కాని ఈ ఫలితములకు హద్దు కలదు. అవి పాట విన్న కొద్దిసేపటిలో కనిపించిన మార్పులు. ఒక పాట విన్నందువలన ఒక యువకుని జీవితమే దారి తప్పునని అవి నిరూపింపలేదు. చెడు నడతగల పిల్లవాడు కఠోరమైన పాటలు వినుచుండవచ్చును. అంతమాత్రమున పాటయే ఆ నడతకు కారణమని చెప్పరాదు. కోడి కూసిన పిమ్మట తెల్లవారును గాని, కోడి కూయుట వలన తెల్లవారదు గదా! పని లేకుండుట, చదువు మధ్యలో ఆగిపోవుట, తండ్రి వలస పోయి ఇంట అదుపు లేకుండుట, మద్యము సులభముగా దొరకుట - వీనిని విడిచి పాటపై నేరము మోపినచో రోగమొకటి, మందొకటి యగును.

పాట మేలు చేసిన తావులు

నెల్లూరు జిల్లాలో 1990ల ఆరంభమున అక్షరాస్యతా ఉద్యమము సాగెను. కళాజాతలు ఊరూర తిరిగి పాటల ద్వారా, నాటికల ద్వారా చదువును, మద్యపానపు నష్టమును బోధించినవి. 1992 లో దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించుటచే 1993 అక్టోబరు 1 న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997 లో సడలింపబడెను.

తెలంగాణ ఉద్యమ కాలమున ధూంధాం వేదికలు వేలాది యువజనులను ఒకచోట చేర్చినవి. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారమున జన్మించిన గోరటి వెంకన్న వ్రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ అను పాట 2002 లో ‘కుబుసం’ చిత్రము ద్వారా ఊరూర వ్యాపించి, కులవృత్తుల పతనమును గూర్చి చదువురాని వారిచేత సైతము ఆలోచింపజేసెను. ఆయనకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. దూబగుంటలో పాట ఒంటరిగా పనిచేయలేదు. స్త్రీలు రాత్రిబడిలో కలిసికొనుచుండిరి. వారికి ఉమ్మడి బాధ యుండెను. కూర్చొని మాటలాడుకొనుటకు చోటుండెను. పాట నిప్పురవ్వ వంటిది. ఎండుకట్టె లేనిచో అది మండదు. మంచికి ఇది ఎంత సత్యమో చెడుకును అంతే సత్యము. మద్యము, పాత పగలు, ఎదుటివారిని రెచ్చగొట్టు ఉద్దేశము ఉన్నచోట పాట తగవునకు సాకు అగును.

పాట వేరు, శబ్దము వేరు

పాటలోని మాట వలన కలుగు హానిని గూర్చి వాదములు గలవు. శబ్ద తీవ్రత వలన కలుగు హానిని గూర్చి సందేహమే లేదు. శబ్దమును డెసిబెల్ అను ప్రమాణముతో కొలుతురు. 85 డెసిబెల్ల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదని నిపుణులు చెప్పుదురు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు వినదగిన కాలము సగమగును: 88 కి 4 గంటలు, 91 కి 2 గంటలు, 94 కి 1 గంట, 100 కి 15 నిమిషములు మాత్రమే. చేరువనున్న మనుష్యునితో మాటలాడుటకు గొంతెత్తవలసి వచ్చినచో అచట శబ్దము 85 కు చేరినదని తెలియవలెను. చెవిలోని సూక్ష్మమైన రోమ కణములు చచ్చినచో తిరిగి మొలవవు. ఊరేగింపులో పెట్టెల ముందు గంతులు వేయు బాలురే మొదట నష్టపోవువారు. ప్రపంచములో 100 కోట్లకు పైగా యువజనులు పాటలను మితిమీరిన శబ్దముతో వినుట వలన వినికిడిని కోల్పోవు ప్రమాదములో నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో హెచ్చరించెను.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును; అచట హద్దు పగలు 50, రాత్రి 40. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగముగా మైకులు వాడరాదు. పండుగల నిమిత్తము రాష్ట్ర ప్రభుత్వము ఏడాదిలో 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు ఈయవచ్చును. మైకునకు అధికారినుండి వ్రాతమూలకమైన అనుమతి తప్పనిసరి. 2005 లో సుప్రీంకోర్టు కూడ ఈ హద్దులను బలపరచెను.

నిషేధము ఒక్కటే చాలునా?

ఇందుకు చరిత్రలో ఒక నిదర్శనము కలదు. 1952 లో కేంద్ర మంత్రి కేస్కర్ సినిమా పాటలు యువజనుల అభిరుచిని పాడుచేయునని తలంచి ఆకాశవాణిలో వానిని బహుగా తగ్గించెను. శ్రోతలు పాటలు వినుట మానలేదు. సిలోను రేడియో వైపు మరలిరి. తుదకు 1957 అక్టోబరు 3 న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి సినిమా పాటలకు చోటిచ్చెను. యువకులకు ఇష్టమైన దానిని వట్టి ఆజ్ఞచే ఆపలేమని దీని సారాంశము. శబ్దమునకు హద్దు విధించుట వేరు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించినది శబ్దము వలని బాధను గూర్చి వచ్చిన ఫిర్యాదుల పైననే.

పంచాయతీ చేయదగిన పనులు

1. పండుగకు పదునైదు దినముల ముందే యువజన సంఘములను, మహిళా సంఘములను, అన్ని కులముల పెద్దలను పిలిచి ఊరేగింపు దారి, ముగింపు వేళ నిశ్చయింపవలెను. తగవు వచ్చిన పిమ్మట చెప్పు హితము చెవికెక్కదు.

2. గ్రామ సభలో అందరి యెదుట తీర్మానము చేయవలెను. ఒక కులమువారి పెండ్లికి ఒక న్యాయము, మరియొక కులమువారి పెండ్లికి వేరొక న్యాయము ఉండరాదు. సభ్యుని ఇంటి శుభకార్యమే మొదట నియమమును పాటించవలెను.

3. మైకునకు అనుమతి ఇచ్చు అధికారము పంచాయతీది కాదు. నియమము మీరినపుడు పోలీసువారికి తెలుపుట పంచాయతీ కర్తవ్యము. పరీక్షల కాలమున, బాలింతలు, వృద్ధులు, రోగులున్న వీధులలో ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను.

4. డీజేకు చెల్లించు అద్దె తరచు ఊరు దాటిపోవును. డప్పు, కోలాటము, భజన బృందములను పిలిచినచో ఆ సొమ్ము ఊరిలోనే నిలుచును. అయితే పూర్వము డప్పును కొన్ని కులములవారిచే వెట్టిగా కొట్టించిన దుర్నయము మరల తలయెత్తరాదు. కళాకారునకు ముందే మాటలాడిన కూలి, తగిన గౌరవము ఇచ్చుట విధి.

5. పాఠశాల ఆవరణలోనో, గ్రంథాలయములోనో వారమునకొక సాయంకాలము పాడుటకు చోటు కల్పింపవలెను. బాలికలకును అందు సమాన స్థానముండవలెను. 2021 లో మంచిర్యాల జిల్లాలో ఒక వధువు ‘బుల్లెట్టు బండి’ పాటకు నర్తించుటను చూచి, అంతవరకు తలవంచి కూర్చుండిన వధువులనేకులు ఆడి పాడుటకు ముందుకు వచ్చిరి. దీనిని చెడుగా భావింపనక్కరలేదు.

పాట యువకుని చెడగొట్టునా అని అడుగుట కంటె, మన ఊరిలో యువకునకు పాట తప్ప మరేమి కలదని అడుగుట మేలు. పని, చదువు, ఆటస్థలము, కూర్చొని మాటలాడుటకు చోటు ఉన్న గ్రామమున పాట వినోదముగా మిగులును. అవి లేనిచోట దాని శబ్దము నానాటికి హెచ్చును. ఆ శబ్దమును తగ్గించుట పంచాయతీ ధర్మము. దాని వెనుకనున్న లోటును తీర్చుట అంతకంటె గొప్ప ధర్మము.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. గత సంవత్సరము మన గ్రామమున ఊరేగింపులలో తగవులు కలిగినవా? వానికి నిజమైన కారణమేది?

2. మన పాఠశాలకు, ఆరోగ్య కేంద్రమునకు 100 మీటర్లలోపల మైకులు మ్రోగుచున్నవా?

3. మన ఊరిలో పాత పాటలు తెలిసినవారెవరు? వారినుండి పిల్లలు నేర్చుకొనుటకు మనమేమి చేయగలము?