కరివేపచెట్టు మీది పురుగు

చదువవలసిన భాగములు: లూకా 13:6–9, మత్తయి 6:26–30



అంజూరపు చెట్టు ఉపమానము మనకందరికిని తెలిసినదే. మూడేండ్లు కాపు లేదని యజమానుడు దానిని కొట్టివేయ నుద్దేశించెను. తోటమాలియైతే పాదు త్రవ్వి ఎరువు వేసి చూచుటకు మరియొక యేడు గడువడిగెను. యజమానుని కన్ను కాపుమీద నుండెను. తోటమాలి కన్ను చెట్టుమీద నుండెను. ఈ నెల పాఠము ఆ రెండవ చూపును గూర్చినది. దానిని మాకు నేర్పినవి మా దొడ్డియు, ఒక సెల్‌ఫోనును.

తిరుచానూరులో మా ఇంటి వెనుక కొద్దిపాటి దొడ్డి కలదు. అందులో ఒక కరివేప, ఒక నిమ్మ, ఒక మునగ, గోడవెంట నూరువరహాలు, బంతి మొక్కలు ఉన్నవి. ఒక వానకాలమున కరివేప చిగుళ్లను పురుగులు తినివేయుచుండెను. పొలమునకు తెచ్చిన పురుగుమందు కొంత మిగిలియుండగా, దానిని నీళ్లలో కలిపి చల్లుటకు సిద్ధపడితిమి. ఇంట కూరలో వేసుకొను ఆకుమీద అట్టి మందు చల్లబూనుట మా తెలివిమాలినతనమే. అంతలో మా మనుమరాలు ఫోను పట్టుకొని పరుగెత్తి వచ్చి, "తాతా, ఈ కాకిరెట్ట నడస్తా ఉండాది సూడు!" అనెను.

ఆమె తీసిన ఫోటోను పెద్దది చేసి చూచితిమి. గోధుమరంగు ఒంటిమీద తెల్లని మచ్చ. అచ్చముగా పక్షిరెట్టవలెనే యున్నది గాని, క్రింద కాళ్లున్నవి. పక్షులు తినకుండునట్లు దానికీయబడిన వేషమది. "దినమొక ఫోటో తీస్తాను, అందాక మందు కొట్టొద్దు తాతా" అని పిల్ల బ్రతిమాలెను. తోటమాలి మాట ఆ పిల్ల నోట వింటిమి. మందు డబ్బా ప్రక్కన పెట్టితిమి.

ఆ పురుగు పలుమారు చర్మము విడిచి, కడపట ఆకుపచ్చనాయెను. పిల్ల తాకగా తలవెనుకనుండి ఎఱ్ఱని రెండు కొమ్ములవంటివి చాపి ఘాటైన వాసన వదలెను. రెండు వారములైన పిమ్మట తోకను కొమ్మకంటించుకొని, నడుమునకు పట్టుదారము కట్టుకొని, కదలక నిలిచెను. మరి పది దినములకు ఒక ఉదయమున ఆ గూడు చీలి, నలిగిన రెక్కలతో సీతాకోకచిలుక వెలికి వచ్చెను. గంటసేపు వ్రేలాడి రెక్కలారబెట్టుకొని, నల్లని రెక్కలమీద తెల్లని మచ్చల వరుసతో గోడ దాటి పోయెను.

మా నూరువరహాలమీద ఏటేట చూచి మేము సంతోషించిన సీతాకోకచిలుక అదియే! ఒక చేత పూలు నాటి దానిని పిలుచుచు, మరియొక చేత దాని పిల్లలను చంపబూనితిమి. వెనుకటి యేండ్లలో చంపియు నుంటిమి. కరివేపచెట్టు మాత్రము చావలేదు. కొద్ది దినములలోనే మరల చిగిర్చెను.

నిమ్మాకు తిను పురుగు నలుపు పసుపు మచ్చల రెక్కలు గలదగును. జిల్లేడాకు తిను చారల పురుగు నారింజవన్నె సీతాకోకచిలుక యగును. స్వీడను దేశస్థుడైన లిన్నేయసు అను శాస్త్రజ్ఞుడు 1758లోనే ఈ మూడింటికిని శాస్త్రనామములు పెట్టెను. మన పెరటిలో నున్నవాటిని మనము ఇన్నాళ్లు ఎరుగకుంటిమి.

ఫోటో తీయగోరువారికి మేము నేర్చుకొనినది చెప్పెదము. మొదటిది, ప్రొద్దున్నే వెళ్లవలెను. ఒంటికి వేడి చాలనిదే సీతాకోకచిలుక ఎగురలేదు. గనుక లేత ఎండలో రెక్కలు విప్పి కూర్చుండును. రెండవది, మన నీడ దానిమీద పడకుండ, వంగి మెల్లగా సమీపింపవలెను. మూడవది, వెంటబడి తరుమక, పువ్వుయొద్ద కూర్చుండి కాచుకొనవలెను. రెక్కలు విప్పినప్పుడొకటి, ముడిచినప్పుడొకటి తీసినయెడల జాతి గుర్తించుట సులభము. పట్టి దారము కట్టి తీయుట తగదు.

తేనెటీగలను పువ్వుమీదనే తీయవలెను. పట్టు దగ్గరకు పోరాదు. పువ్వుమీది ఈగ తన పనిలో నుండును, పట్టుయొద్ద కాపలా యుండును. వాటిమీద ఊపిరి వదలరాదు. ఫోటోను పెద్దది చేసినచో వెనుకకాళ్లకు చిన్న ముద్దలు కనబడును. అది పుప్పొడి, వాటి పిల్లల ఆహారము. ఆ పుప్పొడిలో కొంత పువ్వునుండి పువ్వునకు చేరుటచేతనే మన గుమ్మడియు దోసయు కాయుచున్నవి.

మునగపూతమీద పెద్ద నల్లని తుమ్మెదలను చూచియుందురు. ఎండుకఱ్ఱకు తొలి చేయునని వాటిని కొట్టి చంపుదురు. విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మునగపూతను పరిశీలించి, దానికి పుప్పొడి చేర్చుటలో తుమ్మెదలే ముఖ్యమైనవని 1990లో ప్రకటించిరి. తుమ్మెదను చంపినవాడు తన మునక్కాయలనే తగ్గించుకొనుచున్నాడు.

పొలములో మందు లేకుండ సేద్యము అందరికిని సాధ్యము కాదని ఎరుగుదుము. అయినను పూతమీద కొట్టకుండ నుండవచ్చును. తప్పనియెడల ఈగలు పట్టు చేరిన పిదప, ప్రొద్దు గ్రుంకినవేళ కొట్టవచ్చును. ఇంటి దొడ్డిలోనైతే నాలుగు ఆకులు పోయినను మనకు వచ్చు నష్టము స్వల్పము.

మా యూరినుండి కనబడు శేషాచలపు కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటించిరి. కొండను కాచుటకు ప్రభుత్వము కలదు. దొడ్డిని కాచుటకు మనము గాక మరెవ్వరు? కూటికిని బట్టకును చింతించువారిని ప్రభువు పక్షులవైపును అడవి పువ్వులవైపును త్రిప్పి, వాటిని గమనింపుమనెను. తీరికగలవారికి మాత్రమే చెప్పిన మాట కాదది, కష్టపడువారికే చెప్పెను.

ఈ చూపు దొడ్డితో ఆగిపోరాదు. మన ఇండ్లలో తాగుడు మానని తమ్ముడుండవచ్చును, మందిరమునకు రాని కొడుకుండవచ్చును. వానినిగూర్చి మందు డబ్బా చేతబట్టితిమా, లేక ఇంకొన్నాళ్లు దగ్గరనుండి చూచుటకు ఒప్పుకొంటిమా? కరివేపచెట్టుయొద్ద ఆ పిల్ల అడిగినది ఇరువదియైదు దినములే.

ఆలోచించుటకు:

1. మీ దొడ్డిలో ఏ ఆకును ఏ పురుగు తినుచున్నది? ఒక వారము దినమొక ఫోటో తీసి, తేదీ వ్రాసి, ఆదివారపు బడి పిల్లలకు చూపుడి.

2. తోటమాలి గడువడుగుటతో ఊరకుండెనా? తానేమి చేయుటకు ఒప్పుకొనెను?

3. మీరు గడువీయవలసిన వారెవరు?