సవర బడి

పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880లో పదిహేడేళ్ల ప్రాయంలో ఒక యువకుడు ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించారు. పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. నేడది రాయగడ జిల్లాను ఆనుకొని ఉన్న గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం.

ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లోనూ, ఇటు గుణుపురం ప్రాంతంలోనూ సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకూ ఒడియాకూ చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. సవర పిల్లవాడు తెలుగు బడికి వస్తే ఏమవుతుంది? అక్షరం నేర్వడం ఒక పని, కొత్త భాష నేర్వడం మరొక పని. రెండూ ఒకేసారి నెత్తిన పెడితే వాడు పలక వదిలి పశువుల వెంట పోతాడు. వాడికి తెలివి లేదని మనం అనుకొంటాం.

రామమూర్తిగారు అలా అనుకోలేదు. బిడ్డ భాషను ముందు గురువు నేర్వాలన్నది ఆయన నమ్మకం. రెండు భాషలూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని సవర నేర్చుకొన్నారు. అది తేలికైన పని కాదు. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి వదిలే ధ్వని ఆ భాషలో ఉంది. తెలుగులో దానికి అక్షరమే లేదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. క్వినైను వాడగా వాడగా వినికిడి దెబ్బతిన్నది. చెవితో నేర్వవలసిన భాష కోసం చెవినే పోగొట్టుకొన్నారు! అయినా మానలేదు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు.

తెలుగు పిల్లల స్థితి మాత్రం ఏమంత మెరుగు? ఇంట్లో "వస్తున్నాడు" అనే పిల్లవాడు పుస్తకంలో "వచ్చుచున్నాడు" అని చదవాలి. 1907లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు ఈ తేడా వింతగా తోచింది. అప్పటినుండి రామమూర్తిగారు, బాల్యమిత్రుడు గురజాడ అప్పారావుగారితో కలిసి వాడుకభాష కోసం పోరాడారు. పండితుల విమర్శలను ఓర్చుకొన్నారు. మీరిప్పుడు చదువుతున్న ఈ పాఠం వాడుకభాషలోనే ఉన్నది.

1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. ఈ మధ్యలోనే, 1936లో పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. దానిని ఒప్పుకోలేక, యాభైయేళ్లకు పైగా ఉన్న ఊరు విడిచి ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన ఊరు విడిచిన 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపిని రూపొందించారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో ఒడిశా ప్రభుత్వం సవర, కువి మొదలైన పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన ప్రారంభించింది.