జీపీఎస్‌లో నాట్స్ అంటే ఏంటి? తెరచాప పడవ హల్ స్పీడ్ లెక్క ఇలా!

సెయిలింగ్ యాప్ ఓపెన్ చేస్తే స్పీడ్ నాట్స్‌లో కనిపిస్తుంది. 1 నాట్ అంటే గంటకు 1 నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లే.

మరి పడవ ఎంత వేగంగా వెళ్లగలదు? నీటి మట్టం దగ్గర దాని పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలాన్ని 1.34తో గుణించండి. 25 అడుగులైతే 5 × 1.34 = 6.7 నాట్స్. ఇదే హల్ స్పీడ్. ఇది దాటాలంటే పడవ తాను లేపిన అలనే ఎక్కాలి. బరువైన పడవలకు అది చాలా కష్టం.

ట్రిప్‌కి ముందు సెట్టింగ్స్‌లో యూనిట్స్ తప్పక చెక్ చేసుకోండి. 40 నాటికల్ మైళ్లను మామూలు మైళ్లనుకుంటే దాదాపు 10 కిలోమీటర్లు తక్కువ లెక్కేసినట్టే. 6.7 నాట్స్‌తో వెళ్లినా ఆ తేడాకే ముప్పావు గంట పైనే పడుతుంది. ఈలోపు సముద్రం మీద చీకటి పడిపోవచ్చు.