ఆగి ఆగి నడిచే ఇంజను

పిల్లలూ! మనం ఉంటున్న ఆల్బనీ ఒకప్పుడు పండ్లతోటల ఊరు. లూకాస్ క్రీక్ అనే వాగు ఒడ్డున వెలసింది కనుక మొదట దీనిని ఆ వాగు పేరుతోనే పిలిచేవారు. తరువాత పశ్చిమ ఆస్ట్రేలియాలో పండ్లతోటలు గల మరొక ఊరి పేరు దీనికి వచ్చింది. 'ఆల్బనీ సర్‌ప్రైజ్' అనే నల్లద్రాక్ష రకం పుట్టినది ఇక్కడే. ఇప్పుడు తోటల స్థానంలో ఇళ్ళు, దుకాణాలు, 1993లో తెరచిన మాసీ విశ్వవిద్యాలయ ప్రాంగణం కనిపిస్తాయి. అయినా డెయిరీ ఫ్లాట్, కోట్స్‌విల్ వైపు వెళితే ఎకరం, రెండెకరాల స్థలాలు ఇంకా ఉన్నాయి. అక్కడ గడ్డి కోయడానికి చిన్న తోట ట్రాక్టర్లు వాడతారు. వాటిలో కొన్ని మీ అమ్మానాన్నల కంటే వయసులో పెద్దవి.

అటువంటి ట్రాక్టరు ఒక తెలుగువారి ఇంట్లో ఉన్నదనుకోండి. అది బాగానే స్టార్టు అవుతుంది. కొంతసేపు గడ్డి కోస్తుంది. హఠాత్తుగా ఆగిపోతుంది. అరగంట తరువాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్లు మళ్ళీ నడుస్తుంది. నాన్న కొత్త స్పార్క్ ప్లగ్గు వేయించాడు. గుణం కనబడలేదు. కార్బురేటరు విప్పి కడిగించాడు. అదీ అంతే. విసిగిపోయి, వచ్చే నెలలో పాత ఇనుముకు అమ్మేస్తానన్నాడు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య మాత్రం ఒప్పుకోలేదు.

"చలిజ్వరం వచ్చినవాణ్ణి జ్వరం లేని వేళ చూస్తే వైద్యుడికి ఏం తెలుస్తుందిరా? అది ఎప్పుడు ఆగుతున్నదో ముందు రాసిపెట్టండి" అన్నాడు.

ఆ పని మనవరాలికి అప్పగించాడు. ఆమె నాలుగు శనివారాలు పుస్తకం పట్టుకుని కూర్చున్నది. మొదటి శనివారం ఎండ, 22 నిమిషాలకు ఆగింది. రెండవసారి 25 నిమిషాలు. మూడవసారి ముసురు పట్టి చల్లగా ఉన్నది. 40 నిమిషాలు నడిచింది. నాలుగవసారి మళ్ళీ ఎండ, 20 నిమిషాలు. ఈ నాలుగు వరుసలు చూస్తే మీకేమనిపిస్తున్నది? ఇంజను వేడెక్కడానికీ ఆగడానికీ ఏదో సంబంధం ఉన్నట్లు లేదూ? ఇంతవరకు వారు ఒక్క మర కూడా విప్పలేదు.

ఇక్కడ తాతయ్యకు ఒక చిక్కు వచ్చింది. ఆయనకు తెలిసినది తెనాలి దగ్గర కాలువ నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను. అది డీజిలుతో నడుస్తుంది. దానిలో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె మండుతుంది. నిప్పురవ్వతో పని లేదు, ప్లగ్గూ లేదు. పెట్రోలు ఇంజను సంగతి వేరు. దానికి ప్రతిసారీ సరైన క్షణంలో రవ్వ కావాలి. అందుచేత తాతా మనవరాలూ కలిసి ఆ రవ్వ ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకున్నారు. మనమూ తెలుసుకుందాం.

తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. మన ట్రాక్టరులో ఫ్లైవీలు అనే బరువైన చక్రానికి అయస్కాంతం అమర్చి ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు అయస్కాంతం కాయిలు పక్కగా దూసుకుపోతుంది. కాయిలులో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండవది వెంట్రుక వంటి సన్నని తీగతో వేల చుట్లు. లావు తీగలో విద్యుత్తు పారుతుండగా 'పాయింట్లు' అనే రెండు లోహపు ముఖాలు టక్కున విడిపోతాయి. విద్యుత్తు తెగిపోతుంది. ఆ తెగిపోయిన క్షణంలోనే సన్నని తీగలో వేల వోల్టుల ఒత్తిడి పుడుతుంది. అది ప్లగ్గు కొనవద్ద ఉన్న సందును దాటి దూకుతుంది. అదే రవ్వ. పాయింట్లు విడివడే చోట మంట లేచి అవి కాలిపోకుండా పక్కనే కండెన్సరు అనే చిన్న డబ్బా కాపలా ఉంటుంది. బాష్ కంపెనీ 1902లో ఇటువంటి ఎక్కువ వోల్టుల మాగ్నెటోను తయారుచేసింది. అన్ని ట్రాక్టర్లకూ మాగ్నెటో ఉండదు. 1963లో వచ్చిన జాన్ డీర్ 110లో బాటరీతో పనిచేసే ఇగ్నిషన్ ఉండేది. పాత ఇంజనును విప్పేముందు అది ఏ రకమో తెలుసుకోవాలి.

ఇక మన ఇంజను దగ్గరకు వద్దాం. వేడెక్కినప్పుడు ఆగుతున్నది కదా, దానికి రవ్వ అందడం లేదా, పెట్రోలు అందడం లేదా? పెట్రోలు ట్యాంకు మూతకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోతే లోపలికి గాలి రాదు. గాలి రాకపోతే పెట్రోలు దిగదు. కొంతసేపు నడిచి ఆగడం అప్పుడూ జరుగుతుంది! డబ్బా పాలకు ఒక్క చిల్లే పెడితే పాలు సరిగా కారవు, మీకు తెలుసు. అందువల్ల ఐదవ శనివారం ఇంజను ఆగగానే నాన్న మొదట మూత వదులుచేశాడు. బుస్సుమని గాలి చప్పుడు రాలేదు. తాళం తిప్పినా ఇంజను అందుకోలేదు. వెంటనే ప్లగ్గు తీగకు రవ్వ చూసే చిన్న పరికరం తగిలించి తాళం తిప్పాడు. రవ్వ లేదు. అరగంట ఆగి చూస్తే చక్కని నీలిరంగు రవ్వ. దొంగ రవ్వల ఇంట్లోనే ఉన్నాడు.

ఒక మాట. ఈ పరీక్ష పెద్దలు చేయవలసినది. ప్లగ్గును దాని చోటనే ఉంచి, పరికరాన్ని తీగకు తగిలించాలి. ప్లగ్గు తీసేసిన రంధ్రం దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది. అక్కడ రవ్వ పుట్టిస్తే భగ్గుమంటుంది. ఆ తీగను చేత్తో పట్టుకుంటే చెయ్యి గుంజేసినట్లు షాకు కొడుతుంది.

రవ్వ పోవడానికి కారణాలు నాలుగైదు ఉండవచ్చు. తాతయ్య తేలికగా చూడగలిగినవి ముందు, కష్టమైనవి తరువాత అన్నాడు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది. మాగ్నెటో ఇంజనును ఆపడానికి తాళం నుంచి ఒక తీగ వస్తుంది. అది ఇనుప చట్రానికి తగిలితే చాలు, రవ్వ చచ్చిపోతుంది. ఇంజను వేడిగా ఉండి రవ్వ లేని సమయంలో ఆ తీగను ఊడదీసి చూశారు. అప్పటికీ రవ్వ లేదు. అయితే ఈ జబ్బుకు ఆ తీగ కారణం కాదు. పాయింట్లు, కండెన్సరు ఫ్లైవీలు కింద ఉన్నాయి. వాటిని చూడాలంటే చక్రాన్ని పీకాలి. కాయిలు మాత్రం పైననే, రెండు మరలతో ఉన్నది. దానిని విప్పి వంటింటి బల్లమీద పెట్టి మీటరుతో సన్నని చుట్టను కొలిచారు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వేల ఓములు చూపింది. తరువాత మనవరాలు తల ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి ఊదింది. ఐదు నిమిషాలకు ముల్లు కదలడం మానేసింది! లోపల వెంట్రుక వంటి తీగ ఎక్కడో తెగింది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొనలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వేడికి సాగి విడిపోతాయి.

కొత్త కాయిలు వచ్చింది. ఫ్లైవీలుకూ కాయిలుకూ మధ్య అంగుళంలో వందో వంతు, అనగా దాదాపు పావు మిల్లీమీటరు సందు ఉండాలి. ఆ మందం గల అట్టముక్కను మధ్యలో పెట్టి మరలు బిగించారు. తరువాతి శనివారం ఇంజను గంటసేపు నడిచింది.

కథ ఇక్కడితో ముగియలేదు. మరుసటి వారం ఆపిల్ చెట్ల దగ్గర మిట్టపల్లాల్లో ఠక్కున ఆగింది. "కొత్త కాయిలూ పోయింది" అన్నాడు నాన్న. "ఇంజను వేడెక్కిందా?" అని అడిగింది మనవరాలు. లేదు, మూడు నిమిషాలే అయింది. కుదుపు వచ్చినప్పుడే ఆగింది. మొదటి జబ్బు లక్షణాలు ఇవి కావు. ఈసారి వెతికితే, ఆపే తీగ మీది తొడుగు చట్రం అంచున ఒరిసి, రాగి బయటపడి ఉన్నది. కుదిపినప్పుడల్లా అది ఇనుమును ముద్దాడుతున్నది. తొడుగు వేసి, అంచుకు దూరంగా కట్టారు.

ఇటువంటప్పుడు కొందరు తొందరపాటు పని ఒకటి చేస్తారు. చాలా ట్రాక్టర్లలో సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. నడిపేవారు లేస్తే ఇంజను ఆగుతుంది. అది చెడి ఇంజను మాటిమాటికీ ఆగుతుంటే, ఆ స్విచ్చి పనిచేయకుండా అడ్డంగా తీగ కట్టేస్తారు. ఇంజను నడుస్తుంది, నిజమే. కాని వాలులో మనిషి జారి పడితే కింద కత్తి తిరుగుతూనే ఉంటుంది. ఆ స్విచ్చి చెడితే కొత్తది వేయాలి గాని దానిని నోరు మూయించకూడదు.

పాయింట్ల సంగతి కూడా తెలుసుకోండి. ఆల్బనీలో జూన్ నుంచి ఆగస్టు వరకు తేమ ఎక్కువ. షెడ్డులో ఊరకే ఉన్న ఇంజనులో పాయింట్ల మీద చిలుము పడుతుంది. వసంతంలో ఎంత తిప్పినా రవ్వ రాదు. శుభ్రం చేసి, సందు దాదాపు అర మిల్లీమీటరు ఉంచితే చాలా ఇంజన్లు బాగుపడతాయి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1982లో పాయింట్లు లేని ఇగ్నిషన్ తెచ్చాక ఈ తంటా కొత్త ఇంజన్లకు తప్పింది.

ఆలోచించి చెప్పండి

1. ఇంజను 20 నిమిషాలకు ఆగింది. ట్యాంకు మూత తీయగానే బుస్సుమన్నది, వెంటనే స్టార్టు అయింది. దోషం ఎక్కడ?

2. పెద్దవారు నడిపితే ఆగదు. సన్నని మనిషి నడిపితే కుదుపులలో ఆగుతుంది. మొదట ఏమి చూస్తారు?

3. చలిజ్వరం, చిలుము, ఒరియు, మిట్టపల్లాలు: ఈ మాటలను సొంత వాక్యాలలో వాడండి.